క్యాప్సూల్ పొడి కలిపితే సీసా శుభ్రమైపోదు

నెల రోజులుగా ఒక మెసేజ్ మా జిల్లా రైతుల గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నాకే ఏడుగురు పంపారు. ఏడోవాడు మా చిన్నాన్న కొడుకు. సోంపేట పక్కన వాళ్లకి కొబ్బరితోట ఉంది, చెట్ల మధ్యలో అరటి వేస్తారు. మెసేజ్ కింద "అప్పా, ఇది నిజమేనా? నాను మొదలెట్టేసినాను" అని రాశాడు. అడగడమూ మొదలెట్టడమూ ఒకేసారి అయిపోయాయి. (మా వైపు అప్ప అంటే అక్క.)

ఆ మెసేజ్‌లో ఉన్నది ఇదీ:

"టిష్యూ కల్చర్ అరటి మొక్కలు కొనకండి, ఇంట్లోనే చేసుకోండి. లక్షలు పోసి ల్యాబ్ పెట్టక్కర్లేదు. మీడియాని కుక్కర్లో పెట్టి మూడు విజిల్స్ రానివ్వండి. పిలక ముక్కని బ్లీచింగ్ నీళ్లలో ముంచితే బ్యాక్టీరియా మొత్తం పోతుంది. బ్లేడు స్పిరిట్‌లో ముంచి మంటకి చూపిస్తే చాలు. మందుల షాపులో దొరికే యాంటీబయోటిక్ క్యాప్సూల్ ఒకటి విప్పి లీటరు మీడియాలో కలిపితే ఇక కంటామినేషన్ అన్న మాటే ఉండదు. సీసా తేటగా ఉంటే మొక్క శుభ్రంగా ఉన్నట్టే. ఎలాగూ మట్టిలో నాటేదే కదా, మట్టి నిండా బ్యాక్టీరియానే. కంపెనీల వాళ్లు కావాలని భయపెడుతున్నారు. ఇదే పద్ధతిలో కొబ్బరి, జీడి కూడా చేసుకోవచ్చు. పది మందికి షేర్ చేయండి."

నేను పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. టిష్యూ కల్చర్ అంటే మొక్కలోంచి చిన్న ముక్క తీసి, క్రిములేవీ లేని సీసాలో పెంచి, ఒకదాన్ని వందలు చేయడం. సీసాలో ముక్కకి తిండిగా పోసే ఉప్పులూ పంచదారా కలిపిన జావే మీడియా. అందులోకి బ్యాక్టీరియానో బూజో చేరితే అదే కంటామినేషన్. శ్రీకాకుళం శివార్లలో ఒక చిన్న ల్యాబ్‌లో రోజూ ఈ సీసాలతోనే కాపురం. నా జీతం వీటి మీదే వస్తుంది కాబట్టి "కంపెనీల వాళ్లు" అన్న మాట నాకూ తగులుతుంది. తగలనీండి. ఇంట్లో టిష్యూ కల్చర్ చేయకూడదని నేను అనను. చేసేవాళ్లు ఉన్నారు, కొందరు చాలా శ్రద్ధగా చేస్తారు. ఈ మెసేజ్ చెప్పినట్టు చేస్తే మాత్రం డబ్బుతో పాటు తోట కూడా పోతుంది.

ముందు కుక్కర్ సంగతి. ఇందులో సగం నిజం ఉంది. మీడియాకి కావలసింది 15 పౌండ్ల ఆవిరి ఒత్తిడి, 121 డిగ్రీల వేడి. మంచి ఇంటి కుక్కర్ దాదాపు ఆ ఒత్తిడికి వెళ్తుంది. ఆటోక్లేవ్ (ల్యాబుల్లో వాడే పెద్ద ఆవిరి కుక్కర్) కొనలేనివాళ్లు పెద్ద కుక్కర్‌తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. కాకపోతే లెక్కపెట్టాల్సింది విజిల్స్ కాదు, నిమిషాలు. ముందు లోపలి గాలంతా బయటికి పోయి ఆవిరి ధారగా వచ్చేదాకా మూత మీద బరువు (విజిల్) పెట్టకూడదు. ఒత్తిడి వచ్చాక మంట తగ్గించి 15 నుంచి 20 నిమిషాలు అలాగే ఉంచాలి. సీసాలో మీడియా ఎక్కువుంటే ఇంకాసేపు. మూడు విజిల్స్‌కి పప్పు ఉడుకుతుంది, స్పోరు ఉడకదు. స్పోరు అంటే బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా కష్టకాలంలో తన చుట్టూ కట్టుకునే గట్టి పెంకు లాంటి రూపం. మరిగే నీళ్లలో గంటల తరబడి ఉంచినా బతికే స్పోర్లు ఉన్నాయి. జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త 1877లోనే ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లతో ఈ తంటాలన్నీ పడ్డాడు. ఎంత మరిగించినా మళ్లీ మళ్లీ చెడిపోతుంటే, చివరికి ఒకసారి కాచి వదిలేయకుండా మధ్యలో ఆగుతూ పదే పదే కాచి ఒడ్డున పడ్డాడు. కాచిన మీడియా బాగుందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. మొక్క పెట్టకుండా సీసాలని నాలుగైదు రోజులు ఊరికే ఉంచండి. వాటిలో ఏమైనా పెరిగితే తప్పు కుక్కర్‌దో మూతదో అవుతుంది, మొక్కది కాదు.

కొబ్బరి, జీడి సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. కొబ్బరిని టిష్యూ కల్చర్‌లో పెంచడం పెద్ద పెద్ద పరిశోధన సంస్థలకే దశాబ్దాలుగా కొరకరాని కొయ్య. మా జిల్లా తీరంలోని ఉద్దానంలో కొబ్బరి ఈనాటికీ విత్తన కాయ నుంచే వస్తుంది, పలాస జీడి గింజ నుంచో అంటు నుంచో వస్తుంది. కుక్కర్‌తో అయ్యేదైతే తిత్లీ తుఫానుకి కూలిన తోటలన్నీ ఎప్పుడో సీసాల్లోంచి లేచి నిలబడేవి.

ఇప్పుడు బ్లీచింగ్ నీళ్లు.

ముంచడం తప్పనిసరే. పిలక మట్టిలోంచి వస్తుంది. పొరలు ఒలుస్తూ, నీళ్లతో కడుగుతూ, రెండు మూడు విడతల్లో ముంచితే పైనున్న బ్యాక్టీరియా చాలావరకు పోతుంది. మేమూ చేసేది అదే. 70 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం, తర్వాత సోడియం హైపోక్లోరైట్‌లో ఓ పావుగంట, అందులో రెండు చుక్కలు సబ్బునీరు, తర్వాత కాచి చల్లార్చిన నీళ్లతో మూడుసార్లు కడగడం. సబ్బునీరు ఎందుకంటే అరటి మొవ్వు మీద నీళ్లు జారిపోతాయి, మందు అంటుకోదు. ఇంకో సంగతి, బావిలో వేసే బ్లీచింగ్ పొడి ప్యాకెట్ మన సముద్రపు గాలికి విప్పి ఉంచితే కొన్నాళ్లకి వాసన తప్ప అందులో పస ఉండదు.

అయితే మెసేజ్ "మొత్తం పోతుంది" అంటోంది. పోదు. ఎందుకంటే బ్యాక్టీరియా పైన మాత్రమే ఉండదు. పొలంలో పెరిగిన ఏ అరటి పిలకకైనా కణాల మధ్య సందుల్లో, నీళ్లు పారే నాళాల్లో బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. బాసిల్లస్, సూడోమోనాస్, ఎంటరోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఇలా చాలా రకాలు. మొక్కకి జబ్బేమీ ఉండదు, చూడ్డానికి నిగనిగలాడుతుంది. బయటి గోడకి సున్నం కొడితే లోపల కాపురమున్నవాళ్లు ఖాళీ చేస్తారా? బ్లీచింగ్‌దీ అదే కథ. బలం పెంచి ఇంకాసేపు ఉంచితే బ్యాక్టీరియా కంటే ముందు మొవ్వే మాడి గోధుమరంగుకి తిరుగుతుంది. కొందరు మెర్క్యురిక్ క్లోరైడ్ వాడమని సలహా ఇస్తారు. అది పాదరసం విషం. ఆ నీళ్లు పారబోయడానికి ఇంట్లో చోటు లేదు, బావి దగ్గర అసలే లేదు. దాని జోలికి పోవద్దు.

లోపలున్నదాన్ని తగ్గించే దారులు రెండే. ఒకటి, తల్లి మొక్కని ఎంచుకోవడం. వానాకాలంలో మట్టిలో నానిన పిలకల్లో మాకు ఎప్పుడూ కంటామినేషన్ ఎక్కువ. జూన్ నుంచి తుఫాన్ల కాలం దాటేదాకా కొత్త పిలకలు ముట్టుకోం. ఫిబ్రవరి, మార్చిలో నేల పొడిగా ఉన్నప్పుడు, ముందే గుర్తుపెట్టుకున్న చెట్ల నుంచి తీస్తాం. రెండోది, తీసే ముక్కని వీలైనంత చిన్నది చేయడం. మొవ్వు చివర మిల్లీమీటరు కంటే చిన్న పెరిగే మొన ఉంటుంది. అక్కడ నాళాలు ఇంకా ఏర్పడి ఉండవు కాబట్టి బ్యాక్టీరియా కూడా తక్కువ. కాకపోతే అంత చిన్నది బతికించడానికి చెయ్యి తిరగాలి, మైక్రోస్కోపు కావాలి. మెసేజ్‌తో పాటు తిరిగే ఫొటోలో ముక్క అరచేతిలో సగం ఉంది.

"సీసా తేటగా ఉంటే మొక్క శుభ్రం." నాకు అన్నిటికంటే భయం వేసే మాట ఇది. ఎందుకంటే మొదటి నాలుగేళ్లు నేనూ ఇదే నమ్మాను.

బూజు పట్టిన సీసా పిల్లలు కూడా గుర్తుపడతారు, లోపల దూది పెట్టినట్టుంటుంది. బ్యాక్టీరియా అలా కాదు. సీసాని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా ఎత్తి, అడుగు నుంచి పైకి చూడాలి. మొక్క మొదలు అగర్‌లో (మీడియాని జెల్లీలా గడ్డకట్టించే పదార్థం) దిగిన చోట చుట్టూ పల్చగా తెల్లటి పొగ లాంటిది కనిపిస్తుంది. బియ్యం కడిగిన నీళ్లలో ఒక చుక్క అక్కడ పడి విరిగినట్టు. కొన్నిసార్లు అది గోరంత కూడా ఉండదు. అలవాటు లేని కంటికి సీసా తేటగానే ఉంటుంది. మా ల్యాబ్‌లో ఈ చూపు ఉన్న అమ్మాయిలు ఇద్దరే. వాళ్లు సెలవు పెడితే నాకు టెన్షన్.

ఆ పొగ కూడా లేకపోతే? అప్పుడూ శుభ్రమని చెప్పలేం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మాకు రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్‌కి డీజిల్ దొరికితే గంట, దొరక్కపోతే అదీ లేదు. 25 డిగ్రీలు ఉండాల్సిన గ్రోత్ రూమ్ 33కి వెళ్లిపోయింది. నాలుగో రోజు టార్చిలైటు పట్టుకుని లోపలికి వెళితే, ఆరో సబ్‌కల్చర్‌లో (పెరిగిన మొక్కల్ని విడదీసి కొత్త సీసాల్లోకి మార్చే విడత) ఉన్న అరటి సీసాలు వరసకి వరస అడుగున పాలు విరిగినట్టున్నాయి. ఆరు నెలలుగా అద్దంలా ఉన్న సీసాలవి. మూతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఎవరూ తెరవలేదు. మరి బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి రోజు నుంచీ మొక్క లోపలే ఉంది. చల్లగా ఉన్నంత కాలం నిద్రపోయింది, వేడి తగిలేసరికి లేచింది.

దీనికి కారణం మీడియాలోనే ఉంది. మనం వాడేది మురాషిగే, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1962లో ఇచ్చిన ఫార్ములా. అది మొక్క కోసం చేసింది. ఉప్పులు ఎక్కువ, పులుపు కొలత (pH) 5.8 దగ్గర, బ్యాక్టీరియాకి ఇష్టమైన మాంసకృత్తుల సరుకు దాదాపు లేదు. చాలా రకాల బ్యాక్టీరియా అందులో చావదు, అలాగని గుంపుగా పెరగదు. ఉన్నట్టు తెలియకుండా మొక్కతో పాటు ఒక సీసా నుంచి ఇంకో సీసాకి నడుస్తుంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో పయస్ థామస్ అనే శాస్త్రవేత్త అరటి మీద ఏళ్లపాటు చేసిన పనిలో ముఖ్యమైనది ఇదే. కంటికి శుభ్రంగా కనిపించే అరటి కల్చర్లలో కూడా దాక్కున్న బ్యాక్టీరియా ఉంటుందని ఆయన చూపించారు.

లెక్క వేసి చూడండి. ప్రతి సబ్‌కల్చర్‌కీ ఒక మొక్క మూడు అవుతుందనుకుందాం. ఆరు విడతలకి 729. ఎనిమిదికి 6,561. మొదటి ముక్కలో దాక్కున్న బ్యాక్టీరియాకి ఇంతకంటే మంచి బస్సు సర్వీసు ఎక్కడ దొరుకుతుంది!

అందుకే మేం కంటిని నమ్మం. మొక్క మొదలు దగ్గర సన్నని ముక్క కోసి, కాచిన నీటి చుక్కలో నలిపి, న్యూట్రియెంట్ అగర్ పోసిన ప్లేటు మీద గీస్తాం. అది బ్యాక్టీరియాకి విందుభోజనం లాంటి మీడియా. 28, 30 డిగ్రీల దగ్గర ఉంచితే కొన్ని రెండు రోజుల్లోనే బయటపడతాయి, బద్ధకస్తులు రెండు మూడు వారాలు తీసుకుంటాయి. ఇది రాకెట్ సైన్సేమీ కాదు, ఇంట్లో చేసేవాళ్లు కూడా నేర్చుకోవచ్చు. మెసేజ్ రాసినాయనకి క్యాప్సూల్ గుర్తొచ్చింది కానీ ఈ ప్లేటు గుర్తు రాలేదు.

ఇక ఆ క్యాప్సూల్.

మా తమ్ముడు, అదే చిన్నాన్న కొడుకు, వాడింది అమాక్సిసిలిన్. ముందు చెప్పాల్సింది, అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. అదలా ఉంచండి. వాడు క్యాప్సూల్ విప్పి, మీడియాలో కలిపి, ఆ తర్వాత కుక్కర్లో పెట్టాడు. మెసేజ్‌లో ముందా తర్వాతా అని లేదు మరి. పెన్సిలిన్ జాతి మందులు 121 డిగ్రీల దగ్గర విరిగిపోతాయి. మూత తీసేసరికి అందులో మిగిలింది క్యాప్సూల్ ఖరీదు మాత్రమే. జెంటామైసిన్ లాంటివి కొన్ని వేడికి తట్టుకుంటాయి, నిజమే. తట్టుకోనివాటిని మాత్రం నీళ్లలో కరిగించి, బ్యాక్టీరియాని ఆపే 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపి, కాచిన మీడియా చేయి పెట్టగలిగేంత చల్లారాక, గడ్డకట్టకముందే కలపాలి. పైగా క్యాప్సూల్లో ఉన్నదంతా మందు కాదు. పిండి, పొడి, జిగురు లాంటి సరుకు కూడా ఉంటుంది. అది నోట్లో వేసుకోవడానికి చేసింది.

సరే, అన్నీ సరిగ్గా చేశారనుకుందాం. అప్పుడైనా పనిచేస్తుందా? ఏ బ్యాక్టీరియా ఉందో తెలియకుండా ఏ మందు వేస్తారు? పెన్సిలిన్, సెఫోటాక్సిమ్ లాంటివి బ్యాక్టీరియా గోడ కట్టుకుంటున్నప్పుడు దెబ్బ కొడతాయి. మొక్కకి అలాంటి గోడ లేదు కాబట్టి మొక్క కొంతవరకు ఓర్చుకుంటుంది. కానీ దాక్కున్న బ్యాక్టీరియా గోడ కట్టడమే మానేసి కూర్చుని ఉంటుంది. కట్టని గోడని ఏం కూలుస్తారు? స్పోరుకైతే ఈ మందులు సోకను కూడా సోకవు. కొన్ని మందులు చంపవు, పెరగకుండా ఆపుతాయి, అంతే. పైగా మందు మీడియాలో ఉంటుంది, బ్యాక్టీరియా మొక్క లోపల ఉంటుంది. మీడియాలో ఎంత పోశామో లోపలికి అంత చేరదు.

ఇది నేను చదివి చెప్పడం లేదు, దెబ్బ తిని చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక మంచి తల్లి మొక్క కల్చర్లో బ్యాక్టీరియా కనిపించింది. పారేయడానికి మనసు ఒప్పలేదు. సెఫోటాక్సిమ్ లీటరుకి 250 మిల్లీగ్రాముల చొప్పున ఫిల్టర్ చేసి వేశాను. మూడు సబ్‌కల్చర్లు సీసాలు అద్దంలా మెరిశాయి. "గట్టిదానివే" అన్నారు పైవాళ్లు. నాలుగో విడత మందు లేని మీడియాలోకి మార్చాను. పన్నెండో రోజుకి అన్నిటికీ అడుగున పొగ. మూడు విడతల జీతాలు, మీడియా, కరెంటు, అన్నీ నా ముచ్చటకి ఖర్చయ్యాయి. మందు నా కళ్లకి గంతలు కట్టింది తప్ప బ్యాక్టీరియాని ఏమీ చేయలేదు.

మొక్కకి జరిగే నష్టం వేరే ఉంది. ఆకుపచ్చదనం తయారయ్యే క్లోరోప్లాస్టులు ఒకప్పుడు, కోట్ల ఏళ్ల కింద, స్వతంత్రంగా బతికిన బ్యాక్టీరియా సంతతి. వాటిలో ప్రోటీన్ తయారుచేసే యంత్రాలు నేటికీ బ్యాక్టీరియా నమూనావే. అందుకే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ లాంటివి బ్యాక్టీరియాని కొట్టబోయి ఆకుల్ని కూడా కొడతాయి. మోతాదు కాస్త పెరిగితే కొత్త ఆకు తెల్లగా పాలిపోయి వస్తుంది. వరి ఎండాకు తెగులుకి కొట్టగా మిగిలిన ప్యాకెట్ మీడియాలో కలిపానని ఒకాయన నాకు ఫోన్ చేశారు, "తెల్ల అరటి వచ్చింది మేడమ్, కొత్త రకమా?" అని. పాపం, ఆనందంగా అడిగారు. ఇంకో మందు ఉంది, కార్బెనిసిలిన్. అది విరిగినప్పుడు వచ్చే పదార్థం మొక్క హార్మోన్‌లా పనిచేస్తుంది. వేర్లు రావాల్సిన చోట గడ్డలు కడితే ఎవర్ని అడుగుతారు?

చివరిగా, సగం సగం మోతాదులో నెలల తరబడి మందు తాగిన బ్యాక్టీరియా ఆ మందుకి అలవాటు పడుతుంది. ఆ తెలివిని పక్కనున్న వేరే జాతికి కూడా పంచిపెట్టగలదు. చెడిపోయిన సీసాలని కాచకుండా పెరట్లో పారబోస్తే ఆ పంపకం మీ ఇంటి కాలవలోనే జరుగుతుంది. రేపు పిల్లాడికి జ్వరమొస్తే వాడేది కూడా అదే క్యాప్సూల్.

యాంటీబయోటిక్ ఎక్కడా వాడకూడదా అంటే, వాడతారు. జన్యువులు ఎక్కించే పరిశోధనల్లో పని అయిపోయాక, ఆ జన్యువుల్ని మోసుకెళ్లిన అగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియాని వదిలించుకోవడానికి అది తప్పదు. ప్రపంచంలో ఒక్కటే మిగిలిన మొక్క అయితే, ముందు ప్లేటు మీద ఏ మందుకి లొంగుతుందో చూసి, వాడి, ఆ తర్వాత మందు లేకుండా మూడు నాలుగుసార్లు ప్లేటు పరీక్ష చేసి నమ్ముతారు. టిష్యూ కల్చర్‌లో ఎక్కువగా పెంచే జీ-9 రకం అరటి ప్రపంచంలో ఒక్కటే మిగల్లేదు. పక్క తోటలో ఇంకో పిలక ఉంది.

స్పిరిట్, మంట సంగతికి వద్దాం. ఒకసారి మా దగ్గర రెండు వారాలు ఒకే టేబుల్ నుంచి వచ్చిన సీసాలన్నీ చెడిపోయాయి. ఆ అమ్మాయి చేతులు కడగడం లేదని అందరం అనేశాం. ఆమె ఏడ్చింది కూడా. చివరికి విసుగొచ్చి ఆమె ఫోర్సెప్స్ (పట్టకారు) ముంచే స్పిరిట్ నుంచే ఒక చుక్క తీసి ప్లేటు మీద గీశాను. మూడో రోజుకి ప్లేటు నిండా ముడతలు పడిన తెల్లటి మచ్చలు, బాసిల్లస్. రోజూ మార్చాల్సిన స్పిరిట్‌ని పైన పోస్తూ నింపుకుంటూ వచ్చారు. అడుగున చేరిన ఆకు తునకలతో పాటు స్పోర్లూ చేరాయి. ఆల్కహాల్ మామూలు బ్యాక్టీరియాని చంపుతుంది, స్పోరుని చంపదు. పైన చెప్పిన పయస్ థామస్‌గారే 2012లో ఈ సంగతి మీద కూడా రాశారు, బాసిల్లస్ స్పోర్లు ఆల్కహాల్‌లో చాలా కాలం బతికే ఉంటాయని. మంటకి చూపిస్తే కాలేది స్పిరిటే. అది భగ్గుమని రెండు సెకన్లలో ఆరిపోతుంది, ఫోర్సెప్స్ మొన స్పోరు చచ్చేంత వేడెక్కదు. మేమిప్పుడు 250 డిగ్రీల గాజుపూసల డబ్బాలో గుచ్చి తీస్తున్నాం. అది లేనివాళ్లు పనిముట్లని కాగితంలో చుట్టి మీడియాతో పాటే కుక్కర్లో పెట్టుకోవచ్చు, సీసాకో జత చొప్పున. మంట పెట్టిన గిన్నెలో స్పిరిట్ పోసి చేయి కాల్చుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. ఆ అమ్మాయికి తర్వాత సారీ చెప్పాం.

"మట్టి నిండా బ్యాక్టీరియానే కదా." ఇది తెలివైన ప్రశ్న, ఒప్పుకుంటాను. మొక్క లోపలి బ్యాక్టీరియాలో మంచివీ ఉన్నాయి, మట్టిలో మొక్కకి సాయం చేసేవీ ఉన్నాయి. కానీ మట్టిలో వందల జాతులు ఒకదాన్నొకటి అదుపులో పెడుతూ ఉంటాయి, తిండికి కరువు. సీసాలో లీటరుకి 30 గ్రాముల పంచదార, పోటీకి ఎవరూ లేరు. పెళ్లి భోజనాలకి ఊళ్లో ఒక్కడినే పిలిచినట్టు. పొలంలో సాధువులా ఉన్న బ్యాక్టీరియా సీసాలో పంచదార తిని, ఆమ్లం కక్కి, మొక్క మొదలు కుళ్లబెడుతుంది.

దీనికంటే పెద్ద సంగతి, అన్ని బ్యాక్టీరియాలూ సాధువులు కావు. దుంపకుళ్లు తెచ్చే బ్యాక్టీరియా తల్లి పిలకలో ఉంటే అది సీసాల గుండా వందల పొలాలకి వెళ్తుంది. బ్యాక్టీరియా కాని శత్రువు ఇంకొకటి ఉంది, మెసేజ్ దాని ఊసే ఎత్తలేదు. అరటి ఆకులు పైన కుచ్చులా బిగుసుకుపోయి గెల వేయకుండా నిలిచిపోయే బంచీ టాప్ జబ్బు వైరస్ వల్ల వస్తుంది. ఏ క్యాప్సూలూ దాన్ని తాకదు, ఏ ప్లేటు మీదా అది పెరగదు, సీసాలో మొక్క చక్కగా కనిపిస్తుంది. తోటకి వచ్చాక పేనుబంక దాన్ని పక్క చెట్టుకి మోస్తుంది. టిష్యూ కల్చర్ మొక్కలకి వైరస్ పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ పద్ధతి కేంద్రం 2006లో పెట్టింది ఇందుకే. మీరు కంపెనీ మొక్క కొన్నా సరే, ఆ సర్టిఫికెట్ అడగండి. "కంపెనీల వాళ్లు" అన్నవాళ్లని నేను సమర్థించే చోటు ఇది కాదు, నిలదీయాల్సిన చోటు ఇదే.

మా తమ్ముడు పోయిన నెలాఖరున బస్సులో ఒక అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. జామ్ సీసాలు, 42. ఒక్కోదాని మీద నంబరు రాసి, పసుపు బొట్టు కూడా పెట్టాడు, వాళ్ల అమ్మ పెట్టిందట. 29 సీసాలు చూడగానే తెలిసిపోయాయి, అడుగున గంజి. "ఇవి పోనాయి, తెలుసు. ఈ పదమూడూ బాగున్నాయి కదప్పా?" అన్నాడు. ట్యూబ్‌లైట్ కింద నేనూ చూశాను. నిజంగానే తేటగా ఉన్నాయి, రెండాకులు వేసి ముద్దుగా ఉన్నాయి. వాడి ముందే పదమూడింటినీ కోసి ప్లేట్ల మీద గీశాను. గంజి సీసాలు మూతలు తీయకుండానే ఆటోక్లేవ్‌లోకి వెళ్లాయి. కడిగి ఇస్తే సీసాలైనా పట్టుకెళ్తానన్నాడు.

మూడో రోజు ఫోన్ చేశాను, పది ప్లేట్లలో వచ్చిందని. కాసేపు మాట్లాడలేదు. తొమ్మిదో రోజు ఇంకో రెండు. "మరి ఆ ఒక్కటీ?" అన్నాడు. 31వ నంబరు. "ఆ ఒక్కటీ నాకిచ్చెయ్యప్పా, నాటేసుకుంటాను." మూడు వారాలు ఆగమన్నాను, తర్వాత ఇంకోసారి గీసి చూస్తాం, ఆ తర్వాత వైరస్ పరీక్షకి పంపుదాం అన్నాను. "దానికంత సేవా?" అని నవ్వాడు కానీ, అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ప్లేటు ఫొటో పెట్టమని మెసేజ్ పెడుతున్నాడు.

ఇవాళ్టికి పదహారో రోజు. ఇప్పుడే ఫొటో పంపాను. ప్లేటు ఖాళీగానే ఉంది.